వాచీల ఉత్తరాలు: ఉప్పుగాలి, చెమట, నాన్నగారి హెచ్‌ఎంటీ

చేతి వాచీల గురించి ఏమైనా అడగండి అని పోయిన సంచికలో ఒక్క లైను రాసినందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగానికి పైగా మన విశాఖ నుంచే. కొన్నిట్లో ప్రశ్న చిన్నది, కథ పెద్దది. వాటిని కుదించాను, ఏమీ అనుకోకండి. ముందే ఒక మాట చెప్పాలి. నేను వాచీ మెకానిక్‌ని కాను, అమ్మేవాణ్నీ కాను. ఇరవై ఏళ్లుగా కొంటూ, పాడుచేసుకుంటూ, బాగుచేయించుకుంటూ నేర్చుకున్నదే చెబుతున్నాను.

ప్రశ్న: నాకు ముప్పై ఏళ్లు. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఇన్నాళ్లూ సెల్లు వాచీలే పెట్టుకున్నాను. మొదటిసారి ఆటోమేటిక్ కొందామని 25 వేలు పక్కన పెట్టాను. 44 ఎంఎం కన్నా చిన్నది తీసుకుంటే ఆడవాళ్ల వాచీలా ఉంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇంకో డౌటు, నేను పనిచేసే చోట మాగ్నెట్ క్రేన్లు ఉంటాయి. ఇబ్బందా?
- గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ ఫ్రెండ్స్ సంగతి తేల్చేద్దాం. మన నాన్నల చేతికి ఉన్న హెచ్‌ఎంటీలు 35 ఎంఎం అటూ ఇటూ ఉండేవి. ఆ వాచీలతోనే వాళ్లు ఉద్యోగాలు చేశారు, స్కూటర్లు నడిపారు, మనల్ని కొట్టారు కూడా. ఎవరూ ఆడవాళ్ల వాచీ అనలేదు. అసలు చూడాల్సింది డయల్ వెడల్పు కాదు. బెల్టు తగిలించే పై కొస నుంచి కింది కొస దాకా ఎంత పొడవుందో చూడాలి, దాన్నే లగ్ టు లగ్ అంటారు. చేతిని బల్ల మీద ఆనించి, మణికట్టు పైభాగం అడ్డంగా ఎంత ఉందో స్కేలుతో కొలవండి. వాచీ కొసలు ఆ కొలత దాటి బయటికి వేలాడితే అది ఎంత ఖరీదైనదైనా అప్పు తెచ్చుకున్న చొక్కాలాగే ఉంటుంది. కాబట్టి ఫోన్లో ఫొటో చూసి కొనకండి. ద్వారకానగర్‌లోనో జగదాంబ దగ్గరో షాపుకెళ్లి, చేతికి పెట్టుకుని, కాస్త దూరంగా ఉన్న అద్దంలో చూసుకోండి. దగ్గర్నుంచి కిందికి చూస్తే ఏ వాచీ అయినా పెద్దగానే కనిపిస్తుంది.

ఇక ఆటోమేటిక్. సెల్లు వాచీలో చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, అందుకే అది నెలకి పదిహేను ఇరవై సెకన్లు మించి తప్పదు. ఆటోమేటిక్‌లో సెల్లు ఉండదు, చెయ్యి కదులుతుంటే దానంతటదే కీ ఇచ్చుకుంటుంది. అందులో ఉన్నది స్ప్రింగు, పళ్లచక్రాలు, అటూ ఇటూ ఊగే ఒక చక్రం. మీ బడ్జెట్‌కి దగ్గర్లో ఉండే సీకో 5 స్పోర్ట్స్‌నే తీసుకోండి, అందులో ఉండే 4ఆర్36 మెషిన్ రోజుకి 45 సెకన్లు ముందుకో 35 సెకన్లు వెనక్కో పోవచ్చని కంపెనీయే రాసుకుంది. మామూలుగా అంతకన్నా బాగానే నడుస్తుంది, కానీ రాసింది అది. నిండా కీ ఉంటే 41 గంటలు నడుస్తుంది, అంటే రెండు రోజుల వీక్లీ ఆఫ్‌లో మీరు దాన్ని బీరువాలో పెడితే తిరిగి తీసేసరికి ఆగి ఉంటుంది. ఇది లోపం కాదు. ఇది తెలియక కొని, నెల తిరక్కుండా షాపువాడితో గొడవపడేవాళ్లని చూశాను. సీకో కాకపోతే సిటిజన్ ఆటోమేటిక్‌లు చూడండి, మన టైటాన్‌లోనూ ఉన్నాయి. ఈ మూడింటికీ ఊళ్లో సర్వీసు గురించి అడగడానికి ఎవరో ఒకరు ఉంటారు, నాకు అదే ముఖ్యం.

మాగ్నెట్ మాటకొస్తే, అది నిజమైన ఇబ్బందే, మంచి ప్రశ్న వేశారు. ఆటోమేటిక్‌లో వెంట్రుకంత సన్నటి స్ప్రింగు చుట్టలు చుట్టలుగా ఉంటుంది. దానికి అయస్కాంతం పడితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగు పొట్టిదైనట్టు పనిచేస్తుంది, వాచీ ఒక్కసారిగా రోజుకి నిమిషాల లెక్కన పరిగెడుతుంది. భయపడక్కర్లేదు, రిపేరు షాపులో డీమాగ్నెటైజర్ మీద పెడితే క్షణాల్లో పోతుంది. ముళ్లున్న సెల్లు వాచీ అయితే మాగ్నెట్ దగ్గర ఆగిపోయి, దూరం రాగానే మళ్లీ నడుస్తుంది, టైమ్ మాత్రం వెనకపడి ఉంటుంది. అంకెలు కనిపించే డిజిటల్ వాచీలో మోటారే లేదు కాబట్టి దానికి ఈ గొడవ లేదు. నా సలహా ఏమిటంటే 25 వేలల్లో రెండు వేలు తీసి డ్యూటీకి ఒక కేసియో డిజిటల్ కొనుక్కోండి. 1989 నుంచి వస్తున్న ఎఫ్-91డబ్ల్యూ అయినా సరే, ఒక్క సెల్లుతో ఏడేళ్లు నడుస్తుంది. మిగతా డబ్బుతో ఆటోమేటిక్, అది ఇంటికొచ్చి స్నానం చేశాక.

ఆటోమేటిక్‌లో తేదీ మార్చేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా లోపల తేదీ చక్రాన్ని వాచీ తనంతట తాను పట్టుకుని ఉంటుంది, అప్పుడు మీరు బలవంతంగా తిప్పితే పన్ను విరగొచ్చు. నైట్ షిఫ్టుకి బయల్దేరే ముందు తేదీ సరిచేసుకునే అలవాటుంటే మానుకోండి. ముళ్లని ఆరు గంటల దగ్గరికి తెచ్చి, అప్పుడు తేదీ మార్చి, తర్వాత టైమ్ పెట్టుకోండి.

ప్రశ్న: నా వాచీ వెనక 50 మీటర్లు అని రాసి ఉంది. రుషికొండలో నడుం లోతు నీళ్లలోనే ఉన్నాను, అయినా అద్దం లోపల ఆవిరి పట్టింది. కంపెనీ మోసమా? బియ్యంలో పెట్టమని మా అత్తయ్య అంటున్నారు, పెట్టాను.
- ఎంవీపీ కాలనీ నుంచి ఒక విద్యార్థి

జవాబు: బియ్యంలోంచి ఇప్పుడే తీయండి. ఈ ఉత్తరం అచ్చయ్యేసరికి ఆలస్యమైపోయి ఉంటుందని నాకూ తెలుసు, అందుకే మీ అడ్రసుకి విడిగా కార్డు రాశాను. బియ్యం తేమని కొంచెం లాగుతుందేమో గానీ ఉప్పుని లాగదు. లోపలికెళ్లింది సముద్రపు నీరు. ఆరినా ఉప్పు అక్కడే ఉంటుంది, మెషిన్‌లో ఇనుప భాగాలకి రోజుల్లోనే తుప్పు మొదలవుతుంది. వెంటనే వెనక మూత తీయించి మొత్తం కడిగించాలి, ఎంత తొందరగా వెళితే అంత మిగులుతుంది.

50 మీటర్లంటే 50 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు. ల్యాబ్‌లో కొత్త వాచీని కదలకుండా పెట్టి ఆ ఒత్తిడి ఇస్తారు. మీరు అలలో చెయ్యి విసిరారు, పక్కన బటన్ ఉంటే నొక్కి ఉంటారు, అన్నిటికీ మించి మీ వాచీ ఎన్నేళ్లదో రాయలేదు. నీరు రాకుండా ఆపేది మూత కిందా, కీ (టైమ్ తిప్పే పక్క బొడిపె) దగ్గరా ఉండే చిన్న రబ్బరు రింగులు. మన చెమటకీ ఎండకీ అవి గట్టిపడి పగుళ్లిస్తాయి. సెల్లు మార్పించినప్పుడు ఆ రింగు నలిగి పక్కకి పోయినా అంతే. నేను పాటించే లెక్క చెబుతాను: 30 మీటర్లంటే చేతులు కడుక్కోవడం, వానలో తడవడం. 50 అంటే బకెట్ స్నానం దాకా, అదీ వేణ్నీళ్లు కాకుండా. ఈత కొట్టాలంటే 100, కీ స్క్రూలా బిగించేదైతే ఇంకా నిశ్చింత. సముద్రం అడుగుకి వెళ్లేవాళ్లు, రుషికొండలో స్కూబా నేర్చుకునేవాళ్లు, డైవర్ అన్న మాటతో పాటు ఐఎస్‌ఓ 6425 ఉందో లేదో చూసుకోవాలి. ఆ ప్రమాణంలో వాచీకి రాసిన లోతు మీద ఇంకో 25 శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. ఏ వాచీ అయినా సముద్రంలోంచి వచ్చాక మంచినీళ్లతో కడగాలి, మరీ ముఖ్యంగా చైన్ సందుల్లో.

అన్నట్టు, మన ఊళ్లో ఏసీ కారులోంచి దిగగానే కళ్లజోడు మసకబారుతుంది కదా, వాచీ అద్దం మీద కూడా అలాగే బయటివైపు పొగ పడుతుంది. వేలితో తుడిస్తే పోతే ఏం లేదు. తుడిచినా పోకపోతే లోపల ఉన్నట్టు, అప్పుడు పరిగెత్తండి.

ప్రశ్న: బీచ్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ అద్దం మీద కొత్త గీత. ఏ అద్దం తీసుకోవాలి?
- పెదవాల్తేరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: సఫైర్, అంటే కృత్రిమ నీలపురాయితో చేసిన అద్దం. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం, 1 నుంచి 10 దాకా ఉండే మోస్ స్కేలు మీద 7, మామూలు మినరల్ గ్లాస్ అంతకన్నా మెత్తన. పైగా విశాఖ నుంచి భీమిలి దాకా మన ఇసుకలో గార్నెట్ రేణువులు కూడా కలిసి ఉంటాయి, అక్కడక్కడా ఎర్రగా కనిపించేది అదే, అదీ ఇంచుమించు అంత గట్టిది. సఫైర్ 9. దాన్ని ఇసుక గీయలేదు. కానీ గచ్చు మీద పడితే సఫైర్ పగిలే అవకాశం ఎక్కువ, ఇది షాపులో చెప్పరు. ఇసుక అంటిన వాచీని చున్నీతో తుడవకండి. ముందు ఊదండి, తర్వాత కడగండి, ఆపైన తుడవండి.

ప్రశ్న: మా నాన్నగారు షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. పోయిన ఏడాది ఆయన కాలం చేశాక బీరువాలో హెచ్‌ఎంటీ జనతా దొరికింది. కీ ఇస్తే నడుస్తోంది, కానీ రోజుకి పది నిమిషాలు వెనకపడుతోంది. డయల్ పసుపు రంగుకి తిరిగింది. రిపేరు షాపతను కొత్త డయల్ వేసి, పాలిష్ కొట్టి, కొత్తదానిలా చేసిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?
- మల్కాపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మెషిన్ సర్వీసుకి ఇవ్వండి. డయల్ మీద మాత్రం చెయ్యి వేయనివ్వకండి.

ఎందుకో నా సొంత అనుభవం చెబుతాను. మా తాతయ్య వాచీ డయల్ మీద ఆరో అంకె పక్కన టీ రంగు మచ్చ ఒకటి ఉండేది. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, వాచీల గురించి ఏమీ తెలీదు, నాన్నకి సర్‌ప్రైజ్ ఇద్దామని ఒక షాపులో ఇచ్చాను. వారం తర్వాత తళతళలాడుతూ వచ్చింది, కొత్త డయల్, కొత్త ముళ్లు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా నాన్నది కాదురా" అని తిరిగి నా చేతిలో పెట్టేశారు. నేను పరుగున వెళ్లి పాత డయల్ అడిగితే చెత్తలో పడేశామన్నారు. ఆ మచ్చ తాతయ్య చేతి చెమటో, ఏ వానలోనో దిగిన నీరో, ఏదైతేనేం, అది ఇంక రాదు. కాబట్టి ఏం మార్చినా సరే, పాత సామాను కాగితంలో పొట్లం కట్టి తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి.

మీ వాచీ పది నిమిషాలు వెనకపడటానికి పెద్ద కారణం ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి బీరువాలో పడుంటే లోపలి నూనె ఎండి జిగురవుతుంది. అలాంటప్పుడు కీ ఇచ్చి నడపడమే తప్పు, ఎండిన నూనెలో దుమ్ము కలిసి ఇరుసుల్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. సర్వీసు అయ్యేదాకా కీ ఇవ్వకండి. షాపులో "ఆయిలింగ్ చేస్తాం" అంటే ఒక్క ప్రశ్న వేయండి: మెషిన్ మొత్తం విప్పి కడుగుతారా, లేక ఉన్నదాని మీదే చుక్క వేస్తారా? ఆ మాటకి అతను చిరాకు పడితే నమస్కారం పెట్టి వచ్చేయండి. పూర్ణా మార్కెట్ వైపు, జగదాంబ చుట్టుపక్కల సందుల్లో, ఒక బల్ల, ఒక ట్యూబ్‌లైటు, కంటికి లెన్సు పెట్టుకుని కూర్చునే పెద్దవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లలో చాలామంది చేతులు హెచ్‌ఎంటీ మీదే నేర్చుకున్నాయి. పెద్ద షోరూములో దీన్ని తీసుకోరు, తీసుకున్నా మళ్లీ ఇలాంటి బల్ల దగ్గరికే పంపిస్తారు.

హెచ్‌ఎంటీ వాచీ ఫ్యాక్టరీ 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైంది. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకి కేంద్ర కేబినెట్ 2016 జనవరిలో ఒప్పుకుంది. కంపెనీ లేదు కదా, సామాను ఎలా అని కంగారు పడకండి. జనతాలో ఉన్న 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు) మెషినే పైలట్‌లోనూ ఇంకా చాలా మోడళ్లలోనూ వేశారు, లక్షల కొద్దీ తిరిగాయి, కాబట్టి పాడైన వాచీల్లోంచి తీసిన భాగాలు దొరుకుతూనే ఉంటాయి. పై అద్దం యాక్రిలిక్, అంటే ఒకరకం ప్లాస్టిక్. దాని గీతలు పాలిష్ పేస్టుతో రుద్దితే పోతాయి, పగిలితే కొత్తది వేసినా తప్పు లేదు. కేసు మాత్రం చాలావరకు ఇత్తడి మీద క్రోమ్ పూత. పాలిష్ మిషన్ పెడితే పూత లేచి ఇత్తడి బయటపడుతుంది, ఆ మాటా గట్టిగా చెప్పండి.

బాగయ్యాక రోజూ ఒకే వేళకి, పొద్దున కాఫీ తాగేటప్పుడు అనుకోండి, కీ ఇవ్వండి. బిగుసుకున్నట్టు అనిపించగానే ఆపేయండి. వానలో వద్దు. మే నెలలో వద్దు, ఆ చెమట పూతని తినేస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకోండి, అప్పుడే మన ఊళ్లో పొడుగు చేతుల చొక్కా కూడా వేసుకోగలం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో హెచ్‌ఎంటీ పైలట్ నారింజ రంగు డయల్‌తో, కొత్తదిలా మెరుస్తోంది, 1,500 రూపాయలే. కొననా?
- అక్కయ్యపాలెం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. పాత మెషిన్‌కి కొత్తగా ప్రింటు వేసిన డయల్ తగిలించి అమ్మే సరుకు అది. హెచ్‌ఎంటీలే కాదు, పాత సీకో 5లు, ఫావ్రే లూబాలు, వెస్ట్ ఎండ్‌లు కూడా ఇలాగే రంగులు వేసుకుని తిరుగుతున్నాయి. అక్షరాలు లెన్సు కింద చూడండి, అంచులు పాకినట్టుంటాయి, అంకెలు గీతల మీద సరిగ్గా కూర్చోవు. యాభై ఏళ్ల కేసు గీతలతో ఉండి డయల్ ఒక్కటే నిన్న పుట్టినట్టుంటే ఇంకేం పరీక్ష అక్కర్లేదు. సరదాకి కొంటాను, నిజమైనది కాదని తెలుసు అంటే మీ ఇష్టం, 1,500 రూపాయలకి రెండు బిర్యానీలూ ఒక సినిమా కూడా వస్తాయి.

ప్రశ్న: మా అక్క పెళ్లి. కాబోయే బావగారికి స్విస్ వాచీ పెట్టాలని నాన్న పట్టుదల, రెండున్నర లక్షల దాకా. తర్వాత అమ్ముకున్నా ధర పెరుగుతుంది, బంగారంలాంటిదే అని షాపులో చెప్పారు. నిజమేనా?
- సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు

జవాబు: కాదు. వేళ్ల మీద లెక్కపెట్టే కొన్ని కంపెనీల్లో, అందులోనూ కొన్ని మోడళ్లకే అలా జరుగుతుంది, అవి ఈ డబ్బుకి రావు. మీరనుకునే రేటులో వాచీ షాపు గుమ్మం దాటగానే కారులాగా విలువ తగ్గుతుంది. బంగారాన్ని కురుపాం మార్కెట్‌లో ఏ కొట్లోనైనా తూకం వేసి కొంటారు, వాచీని ఎవరు కొంటారు? పైగా ఆటోమేటిక్ అయితే నాలుగైదేళ్లకోసారి సర్వీసు ఖర్చు. స్విస్ కంపెనీ సర్వీసంటే చాలాసార్లు వేరే ఊరు పంపి వారాలు ఎదురుచూడాలి. కొనే ముందే సర్వీసు ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు అని అడిగి కాగితం మీద రాయించుకోండి. రెండు లక్షలు దాటితే పాన్ కార్డు చూపాలి. వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర, సీరియల్ నంబరు మీ కళ్లముందే నింపించుకోండి. "స్విస్ మేడ్" అన్న మాట డయల్ మీద ఉందంటే తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో పెట్టాలన్న నిబంధన 2017 నుంచి ఉంది, అంటే మిగతాది ఎక్కడిదైనా కావచ్చు. అది తప్పేం కాదు, తెలిసి ఉండాలంతే.

అన్నిటికన్నా ముందు బావగారిని అడిగారా? అలకపాన్పు మీద కూర్చుని వాచీ కావాలని మూతి బిగించిన అల్లుళ్ల కాలం పోయింది. ఇప్పుడు చాలామంది చేతికి అడుగులు లెక్కపెట్టే స్మార్ట్‌వాచీ ఉంటుంది, దాన్ని తీయమంటే ఒప్పుకోరు. నేనైతే అందులో మూడోవంతు డబ్బుకి టిస్సో లాంటిది, 80 గంటలు కీ నిలిచే మెషిన్ ఉన్నది చూసేవాణ్ని, శుక్రవారం సాయంత్రం తీసి పెడితే సోమవారం పొద్దున ఇంకా నడుస్తూ ఉంటుంది. మిగతాది అక్క పేరు మీద వేయండి. ఇది కట్నం లెక్కలో అడిగిన వాచీ అయితే మాత్రం నన్ను మోడల్ అడక్కండి.

ప్రశ్న: ఫోన్ టైమ్‌తో సరిపెట్టిన నా వాచీకీ, స్కూలు ఆవరణలో పిల్లలతో కట్టిన నీడ గడియారానికీ కుదరడం లేదు. మధ్యాహ్నం నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు వాచీలో పన్నెండు కావడం లేదు. వాచీ తప్పా, కర్ర తప్పా?
- భీమిలి నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, రెండూ ఒప్పే. ఈ ఉత్తరాల కట్టలో నాకు ఎక్కువ ఇష్టమైంది మీదే. మన దేశమంతటి టైము 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద లెక్కగట్టింది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. విశాఖ, భీమిలి దానికి కొంచెం తూర్పున ఉన్నాయి. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన మనకి సూర్యుడు వాచీ కన్నా మూడు నిమిషాలకి పైగా ముందే నడినెత్తికి వస్తాడు. దీని మీద ఇంకోటి, భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, ఇరుసు కూడా వంగి ఉంది. అందువల్ల నీడ గడియారం ఏడాదిలో ఒకప్పుడు ముందుకీ ఒకప్పుడు వెనక్కీ పోతుంది. నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటుంది, పైన చెప్పిన మూడు చిల్లర నిమిషాలూ కలిపితే అప్పుడు మీ కర్ర నీడ 11 గంటల 40 నిమిషాలకే అతి పొట్టిగా ఉంటుంది. ఫిబ్రవరి మధ్యలో 12 దాటి సుమారు పది నిమిషాలయ్యాక. పిల్లలతో ఏడాది పొడవునా గుర్తులు పెట్టించండి, చాలా బాగుంటుంది.

మన ఊరికి ఈ లెక్కలు కొత్త కాదు. 1840ల మొదట్లోనే గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో వేధశాల కట్టారు, ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. వాళ్ల నక్షత్రాల లెక్కని బట్టే ఊళ్లో టైమ్ చెప్పే ఫిరంగి పేలేది. 1906లో దేశానికంతా ఒకే టైము వచ్చింది. అంతకుముందు రైలు మద్రాసు టైము ప్రకారం నడిచేది, మన సూర్యుడేమో దానికన్నా పన్నెండు నిమిషాలు ముందు. అప్పట్లో జేబు గడియారం ఉన్నవాడు రైలెక్కడానికి ఎంత టెన్షన్ పడి ఉంటాడో!

ప్రశ్న: తోలు బెల్టు మూడు నెలలకే కంపు కొడుతోంది. చైన్ పెడితే దురద.
- ఎన్‌ఏడీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మార్చి నుంచి అక్టోబరు దాకా తోలు మన ఊరికి పనికిరాదు, రబ్బరో నైలానో వేసుకోండి, వారానికోసారి సబ్బుతో కడగండి. లగ్గుల మధ్య వెడల్పు కొలిచి, 18, 20, 22 ఎంఎం ఏదైతే అది, సరిగ్గా అదే కొనండి. దురద చైన్ సందుల్లో చేరిన మురికి వల్ల కావచ్చు, నికెల్ పడకపోవడం వల్ల కావచ్చు. పాత టూత్‌బ్రష్‌తో ఒకసారి కడిగి చూడండి. అప్పటికీ తగ్గకపోతే టైటానియం చూడండి. అది ఉప్పుగాలికి కూడా లొంగదు, బరువూ తక్కువ.

ప్రశ్న: మావారికి పద్నాలుగు వాచీలున్నాయి. ఎప్పుడు చూసినా చేతికి ఒకటే కనిపిస్తుంది. మిగతావి సొరుగులో నిద్రపోతుంటాయి. మళ్లీ కొంటానంటున్నారు. ఏదైనా నచ్చజెప్పండి.
- లాసన్స్ బే కాలనీ నుంచి ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీరు సరైన మనిషిని అడగలేదు, నా సొరుగులో ఎన్నున్నాయో మా ఇంట్లోవాళ్లని అడిగితే తెలుస్తుంది. కానీ ఒక పని తప్పకుండా చేయించండి. ఆ పద్నాలుగులో ఆగిపోయిన సెల్లు వాచీలు ఎన్నున్నాయో చూసి, అన్నిటి సెల్లులూ ఈ ఆదివారమే తీయించేయండి. అయిపోయిన సెల్లు లోపలే ఉంటే కారి మెషిన్‌ని తినేస్తుంది, ఈ తేమలో మరీ తొందరగా. ఆటోమేటిక్‌లని నెలకోసారి కీ ఇచ్చి కాసేపు నడిపితే చాలు, వాచీల్ని తిప్పుతూ ఉంచే మోటారు పెట్టె కొంటానంటే ఒప్పుకోకండి. ఆ తర్వాత ఒక నోటుబుక్కు ఇచ్చి, రోజూ ఏది పెట్టుకున్నారో నెల రోజులు రాయమనండి. నెలాఖరుకి పేరు రాని వాచీలు తమ్ముళ్లకో మేనల్లుళ్లకో ఇచ్చేయొచ్చు, తీసుకునేవాళ్లు సంతోషిస్తారు.

ఇకపోతే, మీ ఇంటి అడ్రసు నుంచే వేరే చేతిరాతతో నాకు ఇంకో ఉత్తరం వచ్చింది. పదిహేనోది డైవర్ వాచీ తీసుకుంటే బాగుంటుందా, ఫంక్షన్లకి పెట్టుకునే డ్రెస్ వాచీ తీసుకుంటే బాగుంటుందా అని. దానికి జవాబు ఈ సంచికలో వేయడం లేదు.